దేవుడికి వదిలిన అద్దం ముక్క

ఏడేళ్ల కిందట మా రీడింగ్ రూమ్ వరండాలో నిలబడి మా బావ ఒక ఆడమనిషికి మాట ఇచ్చాడు. "అమ్మా, పొద్దు గూకేలోపల నీ మనిషిని నీ ఇంట్ల దించుత. ఇది వకీలు మాట" అన్నాడు. పక్కనే నేనూ ఉన్నాను. ఆ మాట ఆయన నిలబెట్టుకోలేదు. ఎవరి కోసం ఆ మాట ఇచ్చాడో ఆ మనిషి మొన్న శుక్రవారం పొద్దున చనిపోయాడు.

కబురు తెచ్చింది ఆయన పక్కింట్లో ఉండే టాంగా మనిషి. గుర్రాన్ని విప్పకుండానే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పంతులూ, అద్దాల ఉస్తాద్ పోయిండు. జుమ్మా నమాజు అయినంక తీస్తరట. అమ్మ నీకు జెప్పి రమ్మన్నది."

"నిన్నగాక మొన్న చూస్తి గదయ్యా. ఎట్ల పోయిండు?"

"ఎట్లేంది. పొద్దుగాల లేషి కిటికి దిక్కు మొఖం పెట్టి కూసున్నడట. ఆమె చాయ్ దెచ్చేవరకు లేడు."

మరునాడు పత్రికలో మూడు లైన్లు పడ్డాయి. "గాజుల వ్యాపారి మృతి" అని రాశారు. వయసు తప్పు, వాడ తప్పు. ఆయన గాజుల వ్యాపారి అయింది చివరి ఏడేళ్లు. అంతకు ముందు ముప్పై ఏళ్లు ఆయన ఏమిటో రాయడానికి ఆ పత్రికాయనకు తీరిక లేదు. నాకుంది. కాబట్టి నేను రాస్తున్నాను.

పొగడ్త నా నోటికి అంత సులభంగా రాదని నన్నెరిగిన వాళ్లకు తెలుసు. ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పాను, ఇరవై ఏళ్లు రీడింగ్ రూమ్‌లో పుస్తకాలకు కాపలా ఉన్నాను. ఈ ఊళ్లో పండితులని పేరుపడ్డ వాళ్లు పుస్తకాలు ఇంటికి తీసుకుపోయి, అంటుకున్న పేజీల అంచులు కూడా కోయకుండా తిరిగి ఇచ్చి, మర్నాడు సభలో వాటి మీద ఉపన్యాసాలు ఇవ్వడం చూశాను. అలాంటి చోట ఒక్క పుస్తకమూ చదవని మనిషి దగ్గర నేను చూడడం నేర్చుకున్నాను.

ఉస్తాద్ తండ్రి భువనగిరి వైపు జాతరలు తిరిగి గాజులు తొడిగేవాడు. భుజాన గాజుల మలారం వేసుకుని, ఊరూరూ తిరిగి, పెళ్లిళ్లకూ సీమంతాలకూ పోయేవాడు. వాళ్ల ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజుకు మాత్రమే అరబ్బీ. దారిలో పగిలిన గాజు ముక్కల్ని తండ్రి పారేస్తుంటే ఉస్తాద్ ఏరి ఎండకు పట్టి చూసేవాడట. "మా నాయనకు గాజంటే చెయ్యి. నాకు గాజంటే ఎండ" అనేవాడు.

పెద్దవాడయ్యాక పని వెతుక్కుంటూ సికింద్రాబాద్ వచ్చాడు. ఆ ఏడాది రాళ్లవాన పడి కంటోన్మెంటులో ఒక చర్చి కిటికీలు పగిలాయి. వాటిని బాగుచేయడానికి మద్రాసు నుంచి ఒక ముసలి మిస్త్రీని పిలిపించారు. ఉస్తాద్ ఆయన దగ్గర కూలికి చేరి పన్నెండేళ్లు ఉన్నాడు. వజ్రపు మొన ఉన్న హీరా కలంతో అద్దం కోయడం, సీసపు పట్టీలను వంచి ముక్కల్ని కూర్చడం, టంకం వేయడం, సందుల్లో లప్పం పెట్టడం అంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. మిస్త్రీ పోయాక ఆ కలం ఈయనకు వచ్చింది.

మిస్త్రీ నేర్పనిది ఒకటి ఉంది. దాన్ని ఉస్తాద్ యాప్రాల్‌లో నేర్చుకున్నాడు.

అప్పట్లో యాప్రాల్ అంటే రాళ్లు, సీతాఫలం పొదలు, ఒక కుంట. పని లేని రోజు ఆయన నడిచి అక్కడికి పోయేవాడు. ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. దారి పొడవునా నేను ప్రకృతి గురించి పెద్ద కవులు ఏమన్నారో చెబుతున్నాను. సంస్కృతం అయింది, ఇంగ్లీషు మొదలుపెట్టాను. ఆయన వింటూ వింటూ కుంట ఒడ్డున ఆగాడు.

"పంతులూ, జెర నీ కవులను ఆ చెట్టు కింద కూసోబెట్టు. ఇగ జూడు."

రెల్లు మీద ఒక తూనీగ వాలి ఉంది. ఎండ దాని రెక్కల్లోంచి దూరి పోతోంది.

"గా రెక్క ఎందుకు చినుగుతలేదు? సూదిమొన తగిలితే పోయేటంత పల్చగున్నది. గాలికి సుత నిలుస్తున్నది."

తెలియదన్నాను.

"నల్ల గీతలు జూడు. అవి అందానికి గీసినయి గాదు. బరువు మోస్తున్నయి. మా మిస్త్రీ సీసాన్ని బొమ్మ అంచుకు పెట్టుమనేటోడు. నేను ఈనె ఉన్నకాడ పెడ్త. ఆకును ఏది పట్టుకుంటదో, నా ఆకును సుత అదే పట్టుకోవాలె."

అది వినడానికి చిన్న మాట. ఆయన పనంతా దాని మీదే నిలిచింది. మిగతా వాళ్ల కిటికీల్లో సీసం అద్దాన్ని కట్టేసినట్టు ఉంటుంది. ఆయన కిటికీలో సీసం ఆకులోంచి మొలిచినట్టు ఉంటుంది. చర్చి కిటికీలకూ, నవాబుల దేవిడీలకూ పని చేసిన ఆ చేయి ఎప్పుడూ ఒకరి పుస్తకంలోంచి బొమ్మ దింపలేదు. ఆయన దుకాణంలో రెండు చెక్కపెట్టెల నిండా ఆకులు ఉండేవి. కాగితాల మధ్య పెట్టి ఎండించినవి, ప్రతి ఆకుకూ పక్కన దాని ఈనెల జాడ బొగ్గుతో గీసినవి. నేను పుస్తకాలకు చేసినట్టు ఆయన ఆకులకు జాబితా చేశాడు. ఒకే చెట్టు ఆకులు, చిగురు నాటివి, వానాకాలానివి, రాలే ముందువి, వేరువేరు కట్టలు. ఇరవై ఏళ్ల సేకరణ అది.

మా రీడింగ్ రూమ్‌కు ఆయన కిటికీ చేసింది యుద్ధం నడుస్తున్న రోజుల్లో. పడమటి గోడకు పెద్ద కిటికీ ఉండేది. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా కళ్లలో పడి ఎవరూ చదవలేకపోయేవాళ్లు. మా బావ కమిటీకి అధ్యక్షుడు, ఊళ్లో పేరున్న వకీలు. మా అక్క మొగుడు కావడం వల్లే నాకు బడిలో ఉద్యోగం, రీడింగ్ రూమ్‌లో తాళంచెవి దొరికాయి. ఆ సంగతి ఆయన ఎన్నడూ మరిచిపోలేదు, నన్నూ మరవనీయలేదు. రంగుటద్దాల కిటికీ పెడితే రూమ్‌కు హోదాగా ఉంటుందని ఆయనకు తోచింది. నేను ఉస్తాద్ పేరు చెప్పాను.

ఉస్తాద్ వచ్చి కొలత తీసుకోలేదు. చాప పరుచుకుని కిటికీ ముందు కూర్చున్నాడు. బయట కానుగ చెట్టు ఉంది. అప్పుడే ఆకు రాల్చి చిగురు వేస్తోంది. ఆయన మూడు రోజులు పొద్దున ఒకసారి, పగలు ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి కూర్చుని పోయాడు. మూడోనాడు మా బావకు ఓపిక పోయింది.

"ఏమయ్యా ఉస్తాద్, పని చేసెటోనివా, కవిత్వం రాసెటోనివా?"

"వకీల్ సాబ్, మీరు కాయితాలు చదవకుంటనే కోర్టుల నిలబడ్తరా?"

"చెట్టుల ఏం కాయితాలున్నయయ్యా?"

"ఉన్నయి. ఎండ ఏ గంటకు ఏ ఆకు మీదికెల్లి వస్తదో రాసి ఉన్నది. నాకు చదువు రాదు గద, మెల్లగ చదువుకుంటున్న."

కూర్చున్న వాళ్లంతా నవ్వారు. బావ కూడా నవ్వాడు, కాని ఆ నవ్వు కళ్ల దాకా పోలేదు.

యుద్ధం వల్ల విలాయతీ రంగుటద్దం రావడం ఆగిపోయింది. ఉస్తాద్ తన దగ్గర దాచుకున్న పాత పలకలన్నీ తీశాడు. ఒక దేవిడీ పడగొట్టినప్పుడు దొరికిన ఆకుపచ్చ ముక్కలు, చర్చిలో మిగిలిన పసుపు, ఎక్కడిదో లేత రాగి రంగు. కానుగ చిగురు మొదట ఆ రాగి రంగులోనే ఉంటుందని, నాలుగు రోజులకు గాని పచ్చబడదని నేను ఆయన కిటికీలోనే గమనించాను. ఆ చెట్టు కింద ఏళ్ల తరబడి నడిచిన వాణ్ణి.

కిటికీ బిగించిన రోజు సాయంత్రం ఎండ వచ్చింది. గది నిండా కానుగ నీడ పడింది, కాని పచ్చగా. న్యూస్‌పేపర్ చదువుతున్న రైల్వే గుమాస్తా పేపరు దించి తన చేతుల్ని చూసుకున్నాడు. మా బావే మొదట మాట్లాడాడు.

"అంతా మంచిగనే ఉన్నది. కింద గా మూలకు రంగు ఏదయ్యా? మరిచినవా?"

కిటికీ అడుగున, నేల మీద కూర్చునేవాడి కళ్ల ఎత్తులో, అరచేయంత ముక్క ఒకటి తెల్లగా ఉంది. మామూలు అద్దం.

"మరువలే సాబ్. అది నాది గాదు."

"మరెవరిది?"

"మా నాయన పెండ్లిపిల్లకు గాజులు తొడిగినంక ఇంకో గాజు ఊరికెనే తొడిగెటోడు. లెక్కల రాదది. దేవుని గాజు అనెటోడు. నేను గాజులు అమ్ముతలేను గద. నా కిటికీల ఒక ముక్క దేవునికి ఇడుస్త. గాడ నేను రంగు పెట్ట, ఆకు గియ్య. అండ్లకెల్లి ఆయన చేసిన చెట్టే కనపడ్తది."

ఒక మెంబరు, "కిటికి అడుగున ఎందుకయ్యా, పైన పెట్టకపోయినవా?" అన్నాడు.

"పైనుంటే ఎవలు జూస్తరు సాబ్. కుర్చీలల్ల కూసునెటోళ్లకు పుస్తకాలున్నయి. కింద కూసునెటోళ్లకు చెట్టన్న కనపడాలె గద."

మా రూమ్‌లో కుర్చీలు చందా కట్టే మెంబర్లకు. స్టేషన్ హమాలీలు, మోండా బజారు కూలీలు సాయంత్రం వచ్చి చాపల మీద కూర్చుంటే నేను పేపరు చదివి వినిపించేవాణ్ణి. ఆ ముక్క వాళ్ల కోసం. తెల్ల ముక్కను అలాగే ఉంచడానికి కమిటీ ఒప్పుకున్నట్టు తీర్మానాల పుస్తకంలో నా చేత్తోనే రాశాను. కింద అధ్యక్షుడు సంతకం చేశాడు.

నాలుగేళ్లు గడిచాయి. రజాకార్ల రోజులు వచ్చాయి. తెలుగు పుస్తకాలూ, తెలుగు పేపర్లూ ఉన్న చోటల్లా అనుమానమే. ఊళ్లో ఒక రీడింగ్ రూమ్ తగలబడిందని విన్నాం. మా కమిటీ మెంబర్లు ఒక్కొక్కరే బెజవాడ చుట్టాల ఇళ్లకు పోయారు. మా బావ కూడా అక్కను తీసుకుని పోయాడు. తాళంచెవి నా దగ్గరుంది, దాన్ని ఏం చేయాలో తెలియడం లేదు.

ఒకనాడు ఉస్తాద్ తన చెక్కపెట్టెల బండితో వచ్చాడు. అద్దాలు పగలకుండా గడ్డి పరిచే పెట్టెలవి.

"పంతులూ, నీ పుస్తకాలు గిండ్ల పెట్టు. పైన రెండు అద్దాలు, గడ్డి. అద్దం పెట్టెల చెయ్యి పెట్టి ఎవడు ఎతుకుతడు? తెగుతది గద."

"మీవాళ్లు చూస్తే నిన్ను బతకనిస్తరా?"

"మావాళ్లెవలు పంతులూ? నాతోని యాప్రాల్ నడిషెటోనివి నువ్వే."

నూటికి పైగా పుస్తకాలు ఆ పెట్టెల్లో ఆయన దుకాణానికి పోయాయి. ఖాకీ వేసుకున్న వాళ్లు రెండుసార్లు ఆ దుకాణానికి వచ్చారు. ఆయన చాయ్ ఇచ్చి పంపాడు. పెట్టెల మీద కూర్చుని ఇచ్చాడట.

ఆ సెప్టెంబరులో మిలిటరీ వచ్చింది. నాలుగైదు రోజుల్లో అంతా అయిపోయింది. వెళ్లిన వాళ్లంతా తిరిగి వచ్చారు, వెళ్లని వాళ్లకు ధైర్యం గురించి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. పుస్తకాలు పెట్టెల్లోంచి అలమారాల్లోకి వచ్చాయి. ఒక్క పేజీ చిరగలేదు. తర్వాత నాలుగు రోజులకు ఉస్తాద్‌ను పట్టుకుపోయారు.

కారణం ఆ తెల్ల ముక్క. మా మెంబర్లలోనే ఎవరో, ఎవరన్నది నాకు ఈనాటికీ తెలియదు, చాయ్ హోటల్లో ఒక మాట అన్నారు: రంగుల కిటికీలో ఒక్కచోటే తెల్ల అద్దం ఎందుకుంది? దాంట్లోంచి రైల్వే లైను కనిపిస్తుంది. రజాకార్లు అక్కడ కూర్చుని కాపలా కాశారు, లాంతరుతో సైగలు చేశారు. చాయ్ హోటల్ నుంచి ఆ మాట ఠాణాకు పోయింది. ఠాణా నుంచి జీపు వచ్చింది.

ఆయన భార్య బుర్ఖా సరిగ్గా వేసుకోకుండానే పరుగెత్తుకుంటూ రీడింగ్ రూమ్‌కు వచ్చింది. మా బావ అప్పుడే కమిటీ ముగించి వరండాలోకి వచ్చాడు. కొత్త సర్కారు అధికారులు ఊరి సంగతులు అడిగి తెలుసుకునే పెద్దమనుషుల్లో ఆయన ఒకడు. ఆమె ఆయన ముందు కొంగు పట్టింది. అప్పుడే ఆ మాట ఇచ్చాడు. పొద్దు గూకేలోపల అని. ఠాణాకు రాసి ఇవ్వవలసింది కూడా పెద్దదేం కాదు. ఆ ముక్క నాలుగేళ్ల కిందట కమిటీకి తెలిసి పెట్టిందేనని రెండు లైన్లు. తీర్మానాల పుస్తకం ఆయన ఇంట్లోనే ఉంది.

పొద్దు గూకింది. మూడోనాడు నేను అడిగాను.

"బావా, ఠాణాకు పోయిండ్రా?"

"ఏందోయ్ నీ తొందర. గాలి ఎటు వీస్తున్నదో చూస్తలేవా? గిప్పుడు సాయిబు కోసం నేను చీటి రాస్తే రేపు నన్నెవడు నమ్ముతడు?"

"మన పుస్తకాలు దాచిండు గదా ఆయన."

"ఎవడు కాదన్నడు? ఆ ముచ్చట చెప్తే, గా రోజులల్ల సాయిబులతోని మీకేం దోస్తీ అని మననే అడుగుతరు. కోర్టుల ఉన్నోన్ని, నాకు చెప్తవా."

"ఆమెకు మాటిచ్చిండ్రు."

"మాట ఇచ్చేది ఏడుపు ఆపనీకె. ఆపింది గదా."

ఇది ఆయన అన్న మాట. నేనేమీ కలపలేదు, తీసేయలేదు.

అప్పుడే నేను పోయి ఉండాల్సింది. పోలేదు. అక్క ముఖం, బడి ఉద్యోగం, అధ్యక్షుడిని కాదని గుమాస్తా లాంటి వాడు పోతే వింటారా అన్న సంకోచం. ఎనిమిది రోజులు ఆయన గుమ్మం చుట్టూ తిరిగాను. ఆ ఎనిమిది రోజులు నావే, ఇంకొకరి ఖాతాలో వేయను.

తొమ్మిదోనాడు ఉస్తాద్‌ను ఉంచిన మిలిటరీ క్యాంపుకు ఒక్కణ్ణే పోయాను. అక్కడ ఒక అరవ అధికారి, వయసులో చిన్నవాడు, ఇంగ్లీషులో నేను చెప్పిందంతా విన్నాడు. రుజువు ఏముందని అడిగాడు. తీర్మానాల పుస్తకం నా దగ్గర లేదన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "పదండి, కిటికీ చూద్దాం" అన్నాడు.

రీడింగ్ రూమ్‌లోకి వచ్చి, బూట్లు విప్పి, చాప మీద కూర్చున్నాడు. వంగి ఆ తెల్ల ముక్కలోంచి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, మీరు ఎప్పుడైనా దీంట్లోంచి చూశారా అని అడిగాడు.

నాలుగేళ్లు ఆ గదిలో తాళం తీసి తాళం వేసిన వాణ్ణి. చూడలేదు. నాకు కుర్చీ ఉండేది.

నేనూ వంగి చూశాను. కానుగ మొద్దు కనిపించింది. దాని బెరడు, బెరడు మీద చీమల బారు, ఒక కొమ్మ మొదలు. అంతే. రైల్వే లైను లేదు, రోడ్డు లేదు, గోడ కూడా లేదు. చెట్టు మొద్దు అడ్డం. చాయ్ హోటల్లో మాట పుట్టించిన వాడు, దాన్ని మోసిన వాళ్లు, జీపు పంపిన వాళ్లు, మాట తప్పిన వాడు, ఒక్కడూ నేల మీద కూర్చుని చూడలేదు. చూసిన వాళ్లు హమాలీలు. వాళ్లనెవరూ అడగలేదు.

మర్నాడు ఉస్తాద్‌ను వదిలారు. గడ్డం మాసిపోయి, ఒక కాలు ఈడుస్తూ బయటికి వచ్చాడు. సంగతంతా చెప్పాను.

"ఆయన వంగి చూసిండా పంతులూ?"

"చూసిండు. కింద కూసోని చూసిండు."

"ఏం గనపడ్డదట?"

"చెట్టు."

ఆయన నవ్వాడు. "నాలుగేండ్లకు కుర్చీల కూసునెటోడొకడు చూసిండు. ఆ పిలగాడు బాగుండాలె" అన్నాడు. పదిరోజులు దెబ్బలు తిన్న మనిషి మొదట అడిగింది తన కిటికీ గురించి, మొదట అన్నది ఒక దీవెన. నేను చదివిన మహాపురుషుల చరిత్రల్లో ఇలాంటివి ఉంటాయి. వాటిని ఆ రోజు దాకా నేను నమ్మలేదు.

దుకాణానికి పోయాం. తలుపులు లేవు. ఆయన క్యాంపులో ఉన్న ఆరో రోజో ఏడో రోజో ఎవరో పడి పగలగొట్టారు. పాత రంగు పలకలన్నీ పొడి. ఆకుల పెట్టెలను సందులో పోసి తగలబెట్టారు. ఇరవై ఏళ్ల చిగుళ్లు, వానాకాలపు ఆకులు, ఈనెల గీతలు, బూడిద. మొదటి రోజే రెండు లైన్లు రాసి ఉంటే ఆ దుకాణం తలుపు తెరిచి, ఆయన గడపలో కూర్చుని ఉండేవాడు. ఈ మాటకు ఎదురు చెప్పగలిగిన వకీలు ఉంటే రావచ్చు.

ఉస్తాద్ ఆ బూడిదలో ఎక్కువసేపు వెతకలేదు. హీరా కలం దొరికింది. దాన్ని తుడిచి జేబులో పెట్టుకున్నాడు. పది రోజుల తర్వాత ఆయన మోండాలో గాజుల గంప ముందు కూర్చుని ఉండడం చూశాను.

అప్పుడే నేను ఇదంతా రాస్తానన్నాను. అక్క మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు.

"అరేయ్ తమ్ముడా, ఆయన చేసింది మంచిది గాదు, నాకు ఎరుకనే. నేను సుత అడిగిన. కని నేను ఆయన ఇంట్ల బతకాలె. నేను ఉన్నన్ని దినాలు నీ కలం మూత తియ్యకు."

తీయలేదు. పోయిన ఆషాఢంలో అక్క చనిపోయింది.

ఉస్తాద్ ఓడిపోయాడని నేననుకున్నాను. పొరపాటు. రెండో ఏడు ఒక సాయంత్రం వాళ్లింటికి పోతే కుంపటి మీద పెంకు పెట్టి పగిలిన గాజు ముక్కల్ని మెత్తబడేదాకా కాలుస్తున్నాడు. విలాయతీ అద్దం కొనే స్తోమత లేదు. పగిలిన గాజులకు కొదవ లేదు. గాజు ముక్క వంపుగా ఉంటుంది కదా, ఆకు ఈనె కూడా వంపే. ఆ వంపును వంపుగానే వాడుకుని, పలకంత పలకంత కిటికీలు చేశాడు. బూడిదైపోయిన ఆకులు ఆయన వేళ్లకు గుర్తున్నాయి. "కాయితం కాలుతది. చెట్టు ప్రతి ఏడు మళ్ల రాసి ఇస్తది" అన్నాడు. అలాంటి కిటికీ ఒకటి బేగంపేట వైపు ఒక ఆసుపత్రిలో బాలింతల వార్డులో ఉంది. పడుకున్న వాళ్లకు కనిపించే ఎత్తులో ఉంది. నా ఉద్దేశంలో ఆయన చేసిన వాటిలో అదే గొప్పది. కానుగ కిటికీ కంటే గొప్పది. పరదేశపు రంగు ఒక్కటీ లేదు. మన ఆడవాళ్ల చేతుల మీద పగిలిన రంగులే.

అది ఆసుపత్రికి పోకముందే, వాళ్లింట్లో ఆ కిటికీని నేను పైనుంచి కింద దాకా వెతికాను.

"ఉస్తాద్, దేవుని ముక్క ఏది?"

ఆయన పెంకు మీది ముక్కను పటకారుతో తిప్పుతూ ఉన్నాడు. తల ఎత్తలేదు.

"ఇగ వద్దు పంతులూ. జమానా మంచిగ లేదు. ఆయనను సుత ఠాణాకు పిలుస్తరు."

ఎగతాళిగానే అన్నాడు. నేనూ నవ్వాను. కాని తర్వాత చేసిన ఏ కిటికీలోనూ ఆ తెల్ల ముక్క వదలలేదు. తండ్రి నుంచి వచ్చిన ఆచారం ఆయనతోనే ఆగిపోయింది. దుకాణం పోయినందుకు ఆయన బాధపడగా నేను చూడలేదు. దీని గురించి మాత్రం మళ్లీ మాట ఎత్తనివ్వలేదు.

మొన్న ఆదివారం సాయంత్రం రీడింగ్ రూమ్‌లో సంతాప సభ జరిగింది. మా బావే అధ్యక్షుడు. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు. కానుగ కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎండ దిగుతోంది, ఆయన తెల్ల ఖద్దరు మీద, నెరిసిన తల మీద ఆకుల పచ్చదనం పడింది. అబద్ధం చెబుతున్న మనిషి మీద అంత అందమైన వెలుగు పడడం నేను మళ్లీ చూడను.

"ఆ గడ్డు రోజులలో, ప్రాణాలకు తెగించి, నేనే స్వయంగా క్యాంపుకు వెళ్లి ఆ పేద కళాకారుణ్ణి విడిపించుకు వచ్చాను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి ఏదో అనబోయాను. పక్కనున్నాయన నా మోచేయి పట్టుకుని, "పెద్దాయన మాట్లాడుతుండు, కూసో పంతులూ" అన్నాడు. కూర్చోలేదు. బయటికి వచ్చి నేరుగా ఉస్తాద్ ఇంటికి పోయాను.

ఆయన భార్య ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్లకు కనిపించకూడదు. గోనెపట్టా తెర అవతల కూర్చుంది, నేను ఇవతల వరండాలో. లోపలి గోడకు గాజుముక్కల చిన్న కిటికీ ఉంది. ఆయన ఆఖరి పొద్దున చూస్తూ కూర్చున్నది దాన్నే. ఎండ దాంట్లోంచి వచ్చి గోనెపట్టా మీద ఎర్రగా, నీలంగా పడుతోంది.

సభలో విన్నది చెప్పాను. ఆమె ఏడవలేదు.

"అన్నా, నాడు మాటిచ్చింది ఆయనే గదా?"

"ఆయనే అమ్మా."

"మీ బావనే గదా?"

"అవును."

"ఆయన పేరేంది? మాకు ఎప్పటికి వకీల్ సాబ్ అనుడే ఎరుక."

"ఇప్పుడు పేరెందుకమ్మా?"

"దువా అడిగేటప్పుడు వకీల్ సాబ్ అంటే అల్లాకు ఎంతమంది వకీళ్లు. పేరు చెప్పాలె గద."

క్షమించమని అడుగుతుందో, ఫిర్యాదు చేస్తుందో నేను అడగలేదు. అది ఆమె ఇష్టం. తెర మీది రంగులు మెల్లగా పైకి జరుగుతున్నాయి. పేరు చెప్పాను. నోరు తిరగక రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఒక్కో అక్షరం పట్టి, మరిచిపోకుండా, తనలో తాను పలుకుకుంది. నా తరఫున నేను ఇక్కడ రాస్తున్నాను, క్షమించకుండా: మా బావ, వకీలు ఇందుపల్లి వరదారావు.